కోరినప్పుడు గీయఁబడు పటము

నల్లగొండ, పాలమూరు సీమలకు సముద్రము లేదు. వానను మాత్రము సముద్రపుగాలులే తేవలెను. ఆ సముద్రపుఁ గొలతలను హైదరాబాదునందు 1999లో నెలకొల్పఁబడిన ‘ఇన్‌కాయిస్’ సంస్థ సేకరించుచున్నది. ఆర్గో యను తేలెడు యంత్రములు సుమారు పది దినముల కొకమాఱు 2000 మీటర్ల లోతునుండి పైకి వచ్చుచు, నీటి వేడిమిని, ఉప్పదనమును దెలుపును. ఈ యంకెల రాశినంతయుఁ బటములుగా ముద్రించుట యసాధ్యము.

కావున సియాటిల్ నగర శాస్త్రజ్ఞులు ‘లైవ్ ఆక్సెస్ సర్వర్’ అను సాధనమును గల్పించిరి. ఇన్‌కాయిస్ దానిని గైకొనెను. అరేబియా సముద్రము, జూను మాసము, మీఁదినీటి వేడిమి యని పట్టికలలో నెన్నుకొన్నచో, యంత్రము భాండాగారమునుండి యా భాగమునే తీసి యప్పటికప్పుడు పటము గీయును.

ఇందొక మెలఁకువ వలయును. కొలత లేనిచోటను గణితముచేఁ బూరించి రంగు పఱచుట కలదు. శిథిలమైన తాళపత్రమునఁ బరిష్కర్త పాదము పూరించుటయు నిట్టిదే. కాని యచ్చట కుండలీకరణ ముండును, ఇచ్చట నుండదు. బాలురకుఁ జూపువారు కొలతలు దొరకిన తావుల పటమును గూడఁ గోరి ప్రక్కన నుంచవలెను.