మీకు తెలుసా? ఎముక నొప్పికి ఒక్క పూట కరెంటు

రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తుల క్యాన్సర్లు ముదిరితే తరచూ ఎముకలకు పాకుతాయి. అప్పుడు వచ్చే నొప్పి రాత్రిళ్లు మరీ సలుపుతుంది, పక్కమీద అటు నుంచి ఇటు ఒత్తిగిలనివ్వదు. దీనికి రేడియేషన్, మనవాళ్లు ‘కరెంటు పెట్టడం’ అనేది, బాగా పనిచేస్తుంది. పది రోజులు తిరగాలేమోనని చాలామంది వెనకాడతారు. కానీ 8 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) మోతాదు ఒక్కసారి ఇచ్చినా, అంతకన్నా ఎక్కువ మోతాదును పలు విడతల్లో ఇచ్చినా నొప్పి తగ్గడం దాదాపు ఒకేలా ఉంటుందని ఎన్నో పరీక్షల్లో తేలింది. 1990లలో నెదర్లాండ్స్‌లో 1,100 మందికి పైగా రోగులపై జరిగిన అధ్యయనం వాటిలో పెద్దది. ఊరి నుంచి బస్సెక్కి రావాల్సిన మనిషికి ఒక్కసారితో అయిపోవడం ఎంత ఊరటో వేరే చెప్పాలా!

బల్లమీద కదలకుండా పడుకోవడం కొద్ది నిమిషాలే. యంత్రం తగలదు, కాలదు. సుమారు పది మందిలో ఆరుగురికి నొప్పి తగ్గుతుంది, కొందరికి పూర్తిగా పోతుంది. అయితే ఫలితం కనిపించడానికి ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి రెండు మూడు రోజులు నొప్పి పెరగనూవచ్చు. భయపడి మందులు ఆపకండి, డాక్టరుకు చెప్పండి. ఒక్క విడతతో సరిపెట్టుకున్నవారిలో కొందరికి తర్వాత మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది, ఇవ్వవచ్చు కూడా.

వెన్నునొప్పితో పాటు కాళ్లు పట్టు తప్పినా, మూత్రం బిగిసినా మర్నాటిదాకా ఆగొద్దు. వెన్నుపాము నలుగుతోందేమో, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.