బొమ్మ వచ్చిందా?

నరసరావుపేట : పల్నాడు జిల్లాలోని మా గ్రామంలో పంచాయతీ కార్యాలయం పక్కన ఒక పెంకుటి గది ఉంది. పెంకులు సగానికి పైగా జారిపోయాయి. గొళ్ళానికి తాళం ఇంకా వేలాడుతూనే ఉంది గాని తలుపే ఒక పక్కకు ఒరిగిపోయింది. లోపల ఒక కర్ర బీరువా, విరిగిన బెంచీలు రెండు, ఎన్నికలనాటి పాత కాగితాలు. ఈనాటి పిల్లలకు అది పాత సామాన్ల గది. నలభై ఏళ్ళు దాటినవారిని అడిగితే మాత్రం ‘టీవీ గది’ అంటారు.

ఈ గదిని పడగొట్టాలని పంచాయతీ వారు నిర్ణయించారు. గోడలు పిల్లల మీద పడే స్థితిలో ఉన్నాయి కనుక అందులో తప్పు పట్టేదేమీ లేదు. పడగొట్టేలోగా దాని సంగతి నాలుగు మాటలు రాసి ఉంచుదామని ఈ విలేకరి ఊళ్ళో పెద్దలను కలుసుకున్నాడు. ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెప్పారు. ఒకాయన చెప్పింది మాత్రం ఈ విలేకరి ఇంతవరకు ఎరుగనిది.

టీవీ రాకముందు ఊరికి వినోదం లేదనుకుంటే పొరపాటు. పంట ఇళ్ళకు చేరిన తరువాత టూరింగు టాకీసు వచ్చేది. ఊరి బయట బీడులో డేరా వేసి, ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట మైకులో పెట్టేవారు. ఆ పాట వినబడిందంటే ఇక ఆట మొదలవుతుందని గుర్తు. అన్నం పళ్ళెం ముందున్నవారు కూడా లేచి పరుగెత్తేవారట. నేల టిక్కెట్టువారు ఇసుకను గుట్టగా పోసుకుని దాని మీద ఎత్తుగా కూర్చునేవారు. వెనకవారు మట్టిబెడ్డలు విసిరేవారు. యంత్రం ఒక్కటే కనుక రీలు మార్చినప్పుడల్లా విరామం. సోడాలు, మరమరాలు అమ్మేవారికి ఆ విరామాలే పంట.

బుర్రకథ సంగతి చెప్పనక్కరలేదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ‘పల్నాటి యుద్ధం’ చెబుతుంటే తెల్లవారే దాకా జనం కదిలేవారు కాదని ఆయన కథ విన్న పెద్దలు అంటారు. ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశారు. కారంపూడిలో కార్తీక అమావాస్యకు వీరుల ఉత్సవాలు, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ, ఆ తిరునాళ్ళకు ఊరూరా కట్టే ప్రభలు ఉండనే ఉన్నాయి. టీవీ వచ్చినా, సెల్‌ఫోను వచ్చినా ప్రభ కట్టడం మాత్రం ఆగలేదు. బుర్రకథ దళాలకు ఆ అదృష్టం లేకపోయింది.

తాళంచెవి గల ఇల్లు

మన రాష్ట్రంలో పల్లెకు టీవీ రావడం 1975లోనే జరిగింది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి ఒక సంవత్సరం పాటు, అమెరికా వారి ఉపగ్రహం సాయంతో, ఆరు రాష్ట్రాలలో సుమారు 2400 గ్రామాలలో ప్రభుత్వం ప్రయోగంగా టీవీ చూపించింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ళగూళ్ళకు వాడే వలలాంటి ఇనుప వలతో పది అడుగుల గొడుగులు కట్టి ఊళ్ళలో నిలబెట్టారు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. తెలుగు వార్తలు 1983 నవంబరు 14న మొదలయ్యాయి. వాటిని మొదట చదివిన శాంతిస్వరూప్ 2024 ఏప్రిల్‌లో కాలం చేశారు.

ఇవన్నీ మా ఊరికి దూరపు కబుర్లు. మాకు టీవీ వచ్చింది 1986లో. పంచాయతీ డబ్బుతో నలుపు తెలుపు సెట్టు కొన్నారు. హైదరాబాదు ఇసిఐఎల్ వారి ఇసి టీవీ. దానికి కర్ర బీరువా చేయించి, రెండు తలుపులు పెట్టి, తాళం వేశారు. తాళంచెవి ఊళ్ళో ఒక పెద్ద రైతు ఇంట్లో ఉండేది. ఆ ఇంటివారు భోజనాలు కానిచ్చి వచ్చి తీస్తే టీవీ, లేకపోతే లేదు. చుట్టాలు వచ్చిన రోజున ఊరందరికీ టీవీ సెలవు.

గదిలో బెంచీల మీద రైతులు కూర్చునేవారు. వారి ముందు నేల మీద వారి పిల్లలు. ఆడవారు గుమ్మం పక్కన అరుగు మీద. ఎస్సీ కాలనీ నుంచి వచ్చినవారు రోడ్డుకు అవతల, ఆపి ఉన్న ఎడ్లబండ్ల మీద నిలబడి కిటికీలోంచి చూసేవారు. ఇలా కూర్చోవాలని ఎవరూ చాటింపు వేయలేదు. ఎవరి చోటు ఎవరికి తెలుసునని ఒక పెద్దాయన ఈ విలేకరితో అన్నారు. బెంచీ మీద కూర్చున్నవారిలో ఆయన ఒకరు.

రామాయణం 1987 జనవరి 25న మొదలైంది. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు. ఆడవారు తలంటు పోసుకుని వచ్చేవారు. టీవీకి పూలమాల వేసి, కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చేవారు. కొబ్బరినీళ్ళు సెట్టులోకి పోతాయేమోనని పంచాయతీ గుమాస్తా గోల పెట్టేవాడట. మాటలన్నీ హిందీలో. హైస్కూలు హిందీ పండితుడు టీవీ పక్కన నిలబడి తెలుగులో చెప్పేవారు. ఆయన ఊరికి వెళ్ళిన ఆదివారం ఎవరికి తోచినట్టు వారు చెప్పుకునేవారు. కైక వరాలు అడుగుతున్నదని చెప్పడానికి పండితుడు కావాలా అని ఒక అవ్వ అనేదట.

డాబా మీద మనిషి

ఇప్పుడు అసలు సంగతి. ఆ రోజుల్లో ఊళ్ళోకి బొమ్మ సరిగా అందేది కాదు. పంచాయతీ ఆఫీసు డాబా మీద పొడవాటి ఇనుప గొట్టం పాతి, దాని కొసన యాంటెన్నా బిగించారు. బూస్టరు పెట్టినా గాలి వీస్తే గొట్టం తిరిగేది. వెంటనే బొమ్మ పోయి, తెర మీద ఆవాలు చల్లినట్టు చుక్కలు వచ్చేవి. అందుకని ఎవరో ఒకరు పైకెక్కి తిప్పాలి. కింద నుంచి ఒకడు కేకేసి చెప్పాలి.

పైకెక్కే మనిషి తాళంచెవి గల ఇంట్లో పాలేరు. ఎస్సీ కాలనీకి చెందినవాడు. అప్పుడు ఇరవై ఏళ్ళవాడు. ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డారు. ఇంటి ముందు నులకమంచం వాల్చి ఈ విలేకరిని కూర్చోబెట్టి ఆయన ఇలా చెప్పారు :

‘‘బొమ్మ వచ్చిందా అని పైనుంచి అరిచేవాణ్ణి. రాలేదు, ఇంకా తిప్పు అనేవాళ్ళు. కాస్త తిప్పితే వచ్చింది, వచ్చింది, పోయింది, ఎనక్కి తిప్పు అనేవాళ్ళు. ఎట్టాగో బొమ్మ నిలిచేది. నిలిచాక దిగొద్దామంటే, ఒరే నువ్వు దిగితే మళ్ళీ పోద్ది, అక్కడే పట్టుకో అనేవాళ్ళు. గొట్టం పట్టుకుని అట్టాగే కూర్చునేవాణ్ణి. రామాయణం అయిందాకా.’’

మరి మీరు చూసేది ఎప్పుడని అడిగితే ఆయన నవ్వారు. ‘‘చూసింది యాడ బాబూ? విన్నా. ఆ ఏడాదిన్నర రామాయణం అంతా నేను డాబా మీదే విన్నా. అర్థమయ్యీ కాని మాట, కత్తుల చప్పుడు, శంఖం, ఆడమనిషి ఏడుపు. కింద జనం జైశ్రీరామ్ అంటే రాముడు గెలిచాడనుకునేవాణ్ణి. ఎండాకాలం డాబా కాలిపోయేది. గోనెపట్టా తడిపి వేసుకుని కూర్చునేవాణ్ణి.’’

వేరొకరిని ఎందుకు ఎక్కించలేదని ఈ విలేకరి బెంచీ పెద్దాయనను మళ్ళీ వెళ్ళి అడిగాడు. ఆయన కొంచెంసేపు ఆలోచించి, ‘‘వాడికి చెయ్యి తిరిగింది. వేరేవాడు ఎక్కితే బొమ్మ వచ్చేది కాదు’’ అన్నారు. తరువాత, ‘‘ఆ సంగతి మాకెప్పుడూ తట్టలేదయ్యా’’ అని కూడా అన్నారు. రెండూ రాశాను.

పడ్డను అమ్మి కొన్న సెట్టు

మహాభారతం 1988 అక్టోబరు 2న మొదలైంది. మరుసటి ఏడు మిరప కోతలు అయిన తరువాత ఈ డాబా మీది మనిషి ఇంట్లో ఉన్న గేదె పడ్డను అమ్మి, చాలని డబ్బు చేబదులు తెచ్చి, నరసరావుపేటలో వాడిన చిన్న నలుపు తెలుపు టీవీ ఒకటి కొన్నారు. తలుపులు పక్కకు జరిపే షట్టరు టీవీ. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. ఎస్సీ కాలనీలో అదే మొదటి టీవీ. వెదురు బొంగుకు యాంటెన్నా కట్టి తానే తిప్పుకుని, తానే దిగి చూసుకున్నారు. భార్య ఆయనతో పది రోజులు మాట్లాడలేదు. పడ్డ ఆమె పుట్టింటివారు ఇచ్చింది.

ఆ వానాకాలంలో పంచాయతీ సెట్టు కాలిపోయింది. పిడుగుకని కొందరు, ఎలుక తీగ కొరికిందని కొందరు అంటారు. బాగుచేయించడానికి నిధులు లేవన్నారు. ఆదివారం వచ్చింది. మహాభారతం వేళకు ఊళ్ళోని పిల్లలు ఒక్కొక్కరే కాలనీ దారి పట్టారు. మొదటి వారం నలుగురు. మూడో వారానికి ఇల్లు చాలక టీవీని పంచలో పెట్టవలసి వచ్చింది. కొందరు తల్లులు వెతుక్కుంటూ వచ్చి పిల్లలను రెక్క పట్టుకుని లాక్కుపోయారు. కొందరు లాక్కుపోదామని వచ్చి, శకుని పాచికలు వేస్తుంటే నిలబడిపోయారు.

‘‘కూర్చోండమ్మా అంటే కూర్చునేవాళ్ళు కాదు. నిలబడే చూసేవాళ్ళు. మంచినీళ్ళు అడిగేవాళ్ళు కాదు. పిల్లలు మాత్రం అడిగి తాగేవాళ్ళు’’ అని ఆయన భార్య చెప్పారు. 1990 జూన్‌లో మహాభారతం ముగిసింది. అప్పటికి ఊళ్ళో నాలుగైదు ఇళ్ళలో టీవీలు వచ్చాయి. కాలనీకి వెళ్ళవలసిన అవసరం తీరిపోయింది. మళ్ళీ ఎవరూ వెళ్ళలేదు.

ఈ విలేకరి బాల్యం అటు తరువాతది. శుక్రవారం చిత్రలహరి పాటలకు, 1997 తరువాత ఆదివారం శక్తిమాన్‌కు, పక్క వీధిలో ఒక ఇంటికి పోయేవాళ్ళం. ఆ ఇంటివారు డబ్బు అడిగేవారు కాదు గాని దూడకు గడ్డి వేయించేవారు, చేతిపంపు నుంచి రెండు బిందెలు మోయించేవారు. నీళ్ళు తక్కువగా తెచ్చినవాడు తలుపు పక్కన కూర్చోవాలి. మాకూ చోట్లు ఉండేవన్నమాట. అది ఇన్నాళ్ళకు ఇది రాస్తుంటే తట్టింది. పెళ్ళిళ్ళకు వీడియో తెచ్చి రాత్రంతా మూడు సినిమాలు వేసేవారు. మూడోది చూసినవాడు ఊళ్ళో లేడు, అందరూ నిద్రపోయేవారు.

ఈటీవీ 1995 ఆగస్టు 27న ప్రారంభమైంది. మా ఊరికి కేబుల్ తీగ కొన్నేళ్ళ తరువాత చేరింది. కరెంటు స్తంభాల మీదుగా ఊరంతా లాగారు. కాలనీకి మాత్రం ఆరు నెలలు ఆలస్యంగా లాగారు. డబ్బు కడతారో లేదోనని అనుమానమట. ఆరు నెలలు తిరిగేసరికి అందరికన్నా ముందు నెల డబ్బులు వచ్చేది కాలనీ నుంచేనని ఆ తీగలు లాగిన కుర్రవాడే తరువాత చెప్పాడు. యాంటెన్నాలు ఒక్కొక్కటే దిగిపోయాయి. పంచాయతీ డాబా మీది గొట్టం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఎవరి ఫోను వారి చేతిలో ఉంది. ఎవరు పైకెక్కనక్కరలేదు, ఎవరినీ ఎక్కించనక్కరలేదు.

కరోనా నాటి లాక్‌డౌన్‌లో, 2020 మార్చి 28 నుంచి దూరదర్శన్ మళ్ళీ అదే రామాయణం వేసింది. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. పని లేదు, బయటకు పోయే వీలు లేదు. మన డాబా మీది మనిషి మనవడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చూశారు. ముప్పై మూడేళ్ళ కిందట విన్నది అప్పుడు కంటబడింది.

‘‘చప్పుళ్ళన్నీ నాకు ముందే తెలుసు. ఇదిగో ఇప్పుడు విల్లు ఇరుగుద్ది అని మనవడితో అనేవాణ్ణి, ఇరిగేది. వాడు తాతకు మంత్రాలొచ్చనుకున్నాడు. ఆ విల్లు ఎంతుందో మాత్రం నేను అప్పుడే చూశా. ఇంకా పెద్దది అనుకున్నా’’ అన్నారు ఆయన.

టీవీ గదిని పడగొడుతున్నారని, ఆఫీసు డాబా మీది గొట్టాన్ని కూడా తీసేస్తారని ఈ విలేకరి చెప్పినప్పుడు, ఆ గొట్టం తనకు ఇప్పిస్తే దొడ్లో బట్టల దండేనికి పనికి వస్తుందని ఆయన అడిగారు. పంచాయతీ కార్యదర్శికి ఆ మాట చేరవేశాను. అలా ఊరికే ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవని, పాత ఇనుము కింద వేలం వేస్తామని, కావలసినవారు వచ్చి పాడుకోవచ్చునని ఆయన చెప్పారు. వేలం తేదీ ఇంకా నిర్ణయించలేదు.