టీకాకు టీక: తెరపాత్రల ప్రయోజనము

'టీకా' యను పదము తెలుగున రెండర్థములలో వాడబడుచున్నది. సంస్కృతమునుండి వచ్చిన టీక వ్యాఖ్యానము. హిందీనుండి వచ్చినది రోగనివారణకై వేయు సూదిమందు. అర్థములు వేరైనను, బిడ్డకు వేయు టీకాకు తల్లికి తెలియు భాషలో ఒక టీక కావలసియున్నది. దానిని కల్పితపాత్రలచే నెట్లు చెప్పింపవచ్చునో యీ వ్యాసమున విచారింతము.

కంప్యూటరు సాయమున మాటలాడు తెరపాత్రలు నేడు వెలసినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 ఏప్రిల్‌లో 'సారా' యను పాత్రను ఎనిమిది భాషలలో ప్రవేశపెట్టెను. వానిలో హిందీ కలదు, తెలుగు లేదు. అయినను తెరపై మాటలాడు పాత్ర తెలుగువారికి క్రొత్త గాదు. తోలుబొమ్మలాటలో రామాయణకథ సాగుచుండగా కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు నడుమ జొరబడి రాజులు పలుకరాని మాటలు పలుకుదురు. వారి భాష ప్రేక్షకుల యింటిభాష. బుర్రకథలో వంతలు కథకుని ప్రశ్నించుటయు నిట్టిదే. 1954లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన సాంగ్ అండ్ డ్రామా డివిజన్ బొమ్మలాటను, ఇతర జానపదకళలను ప్రజాప్రబోధమునకు వినియోగించినది.

ఉదాహరణమునకు దర్శి ప్రాంతమున ప్రత్తి, మిరప చేలలో కూలికి పోవు కుటుంబము నొకదానిని ఊహింతము. బిడ్డకు 6, 10, 14 వారములకు పెంటావాలెంట్ టీకా వేయింపవలెను. అది కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతము మొదలగు అయిదు వ్యాధులనుండి కాపాడును. మొదటి సూదికి బిడ్డకు జ్వరము వచ్చినది. అత్త యిక వలదన్నది. మిరపకోతల కాలమున ఒకనాటి కూలి పోగొట్టుకొనుటయు సులభము గాదు. కోడలికి సందేహము కలదు గాని, అత్తయెదుట అడుగ నోరు రాదు. తక్కిన మోతాదులు తప్పినచో బిడ్డకు రక్షణ పూర్తి గాదు.

ఇచట తెరపాత్ర ఆ తల్లికి మారుగా అడుగవలెను. "జొరమొచ్చుద్దని తెలిసి గూడా సూదెందుకు ఏపిచ్చాలంటా?" అని బంగారక్క యడిగిన, "వచ్చుద్ది, ఒకటి రెండు రోజుల్లో పోద్ది. కోరింతదగ్గు అట్టా పోద్దా, బంగారక్కా?" అని కేతిగాడు బదులు చెప్పవచ్చును.

ఇందు గమనింపదగినవి రెండు. మొదటిది, జ్వరము దాచబడలేదు. ముందు చెప్పిన కష్టము నమ్మకమును చెరుపదు. దాచగా బయల్పడినది చెరుచును. రెండవది, అత్త నవ్వులపాలు గాలేదు. బిడ్డపై ప్రేమచేతనే ఆమె వలదన్నది. ఆమెను పరిహసించినచో ఆ యింట మాటలే ముగియును. పూర్వపక్షమును గౌరవముతో నిలిపిన పిమ్మటనే సిద్ధాంతము చెప్పవలెనను శాస్త్రమర్యాద యిచటను వర్తించును.

అయితే పాత్ర ప్రశ్నకు ద్వారము తెరచునే గాని వైద్యునకు బదులు గాజాలదు. యంత్రపాత్ర తప్పుగా చెప్పుటయు సంభవమే. కావున ప్రదర్శనానంతరము ఆశా కార్యకర్తయో నర్సో దగ్గరనుండి, ఆ యింటి బిడ్డను గూర్చిన ప్రశ్నలకు సమాధాన మీయవలెను.

ఈ పాత్రలకు మాటలు సమకూర్చుట వైద్యుల యొక్కరి పని గాదు. మాండలికములను, జానపదకళలను పరిశీలించు పరిశోధకులు తల్లుల ప్రశ్నలను వారి మాటలలోనే సేకరింపవలయును. పుస్తకభాష మాటలాడు బంగారక్కను దర్శిలో నెవ్వరును నమ్మరు.