బొమ్మలు పాడిన బ్లూస్ పాటలు

బొమ్మల కథలలోని పాత్రలు పాడు పాటలను విని మా విద్యార్థులు నవ్వుట మే మెఱుగుదుము. మేమును నవ్వుదుము. అట్టి పాటల సంపుట మొకదానిని గూర్చి, ఆ నవ్వు వెనుకనున్న సంగతిని గూర్చి, కొంత వివరింపదలచితిమి.

అమెరికాలో మాట్ గ్రోనింగ్ అను చిత్రకారుడు కల్పించిన ‘ది సింప్సన్స్’ అను టెలివిజను బొమ్మల కథ 1987లో చిన్న ఖండములుగా నారంభమై, 1989 డిసెంబరు 17వ తేదీనుండి అరగంట కథగా వెలువడెను. తండ్రి హోమర్, తల్లి మార్జ్, పదేండ్ల బార్ట్, ఎనిమిదేండ్ల లీసా, పసిబిడ్డ మ్యాగీ యను నీ కుటుంబమువారి దేహములు పసుపుపచ్చనివి. 1990 డిసెంబరులో గెఫెన్ కంపెనీవారు ‘ది సింప్సన్స్ సింగ్ ది బ్లూస్’ అను పది పాటల సంపుటమును విడుదల చేసిరి. అది అమెరికా పట్టికలో 3వ స్థానమున కెక్కెను.

బొమ్మ లెట్లు పాడును? తోలుబొమ్మలాటలో తెర వెనుకనున్నవారు బొమ్మలకు గొంతు నిచ్చునట్లే. తుంటరి బాలుడగు బార్ట్ గొంతు నాన్సీ కార్ట్‌రైట్ అను స్త్రీది! మా విద్యార్థులు దీనిని మొదట నమ్మరైరి.

ఇక బ్లూస్ అనగా నేమి? ఆంగ్లమున నీలవర్ణము దుఃఖమునకు గుర్తు. 1865లో దాస్యము తొలగిన పిమ్మటను అమెరికా దక్షిణ రాష్ట్రముల ప్రత్తిచేలలో కష్టపడుచుండిన నల్లజాతి ప్రజలలో నీ గానము పుట్టెను. ఆదివారమున దేవాలయములలో వారు పాడిన ఆత్మీయ గీతములకును దీనికిని చుట్టరికము గలదు. ఒక పాదమును పాడి, దానినే మరల పాడి, మూడవ పాదముతో దానికి జవాబు చెప్పుట దీని రీతి. మరల పాడుట యేల? దుఃఖితుడు చెప్పిన మాటనే చెప్పునుగదా! గాంధారమును సాధారణ గాంధారమునకును అంతర గాంధారమునకును నడుమ జార్చుటయు గలదు. ఆ జారుటయందే యేడ్పు వినబడును.

ఈ సంపుటములోని హాస్య మిచ్చటనే పుట్టుచున్నది. 1967లో ఆల్బర్ట్ కింగ్ పాడిన దురదృష్టవంతుని పాటను తిండిపోతగు హోమర్ పాడుచుండ, మిసిసిపీలో 1925లో జన్మించి బాల్యమున ప్రత్తిచేలలో పనిచేసిన బి. బి. కింగ్ గిటారు వాయించెను. వాద్యము నిజమైనది, గాయకుడు బొమ్మ. ఈ పొందుకుదరమియే నవ్వు పుట్టించును. పేరు బ్లూస్ అయినను పాటలన్నియు బ్లూస్ గావు. బార్ట్ పాడిన నృత్యగీతమే మిక్కిలి ప్రసిద్ధి చెంది, 1991లో ఇంగ్లండు పట్టికలో మొదటిస్థాన మందెను. మా కది యంతగా రుచింపలేదు.

నల్లబల్లపై ఇంపోజిషను వ్రాయు నీ బార్ట్‌ను జూచి ఉపాధ్యాయులు కలతచెందిరి. చదువున వెనుకబడితినని గర్వించు మాటలతో అతని బొమ్మగల చొక్కాలను 1990లో అమెరికాలోని కొన్ని పాఠశాలలు నిషేధించెను. వారి భయమును మేము తప్పుపట్టము. అయితే ఉపాధ్యాయులు శ్రద్ధగా వినవలసినది బార్ట్ పాటను గాదు, లీసా పాటను.

ఆ పాట 1990 ఫిబ్రవరి 11న ప్రసారమైన కథలోనిది. లీసా కారణము తెలియని దుఃఖములో నుండును. సాక్సోఫోను మీద తన మనసు వాయింపబోగా సంగీతపు మాస్టరు కసరును. ఆటల పిరియడులో ఆమె ఆడజాలదు. ఇంటికి చీటీ వచ్చును. చిరునవ్వుతో దుఃఖమును దాచుకొమ్మని తల్లి బోధించును.

మా తరగతిలో నొకప్పు డొక బాలిక ప్రశ్నలకు బదులు చెప్పక తలవంచుకొని యుండగా, సోమరితనమని తలచి బల్లపై నిలువబెట్టితిమి. ఆమె తల్లి ఆసుపత్రిలో నున్నదని వారము తరువాతగాని మాకు తెలియలేదు.

కథలోని తల్లి త్వరగానే తెలిసికొనెను. నవ్వు తెచ్చిపెట్టుకొన్న కూతురిని ఇతరులు వాడుకొనుట బడి వాకిట చూచి, కారు వెనుకకు త్రిప్పి, ఆమెను చేయిపట్టి లోనికి లాగుకొని, ‘నీకు దుఃఖముగానున్నచో దుఃఖించుము, మేము నీతోనుందుము’ అను భావము చెప్పును. అప్పుడు లీసా నిజముగా నవ్వును. ఆ రాత్రి కుటుంబమంతయు కూడి వెళ్లి, ముసలి సాక్సోఫోను విద్వాంసు డామె కట్టిన పాటను పాడగా వినిరి. సంపుటములోని నాలుగవ పాట దాని విస్తరణమే.