తండ్రి గడి ఖాళీ

కురుమూర్తి జాతరలో పొడ తూర్పు కోడెను బేరమాడే రైతు ముందు దాని నోరు తెరిచి చూస్తాడు. పాలపళ్లా, రెండు పళ్లా? అది తేలాక గిట్టలు, మూపురం, తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలు. ఎవరి మందలోదని అడిగినా అడుగుతాడు గానీ తాత ముత్తాతల కాగితాలు మాత్రం అడగడు. అలాంటివి లేవు.

అమెరికాలో సిమెంటల్, లిమోజిన్ పశువుల అమ్మకాలకు ఆ కాగితాలే ఆధారం. పూర్వీకులంతా పుట్టిన దేశపు మూల మందలకే చెందితే ఆ పశువు ‘ఫుల్‌బ్లడ్’. వేరే ఆవుకు తరతరానా మేలుజాతి ఆబోతుతోనే దాటిస్తూ పోతే ఆ జాతి వాటా 50, 75, 87.5, 93.75 శాతంగా పెరుగుతుంది. ఆ జాతి పెంపకందారుల సంఘం పెట్టుకున్న హద్దు దాటిన దూడ ‘ప్యూర్‌బ్రెడ్’. ఆ హద్దు ఎనిమిదింట ఏడు వంతులు కావచ్చు, పదహారింట పదిహేను కావచ్చు.

ఈ లెక్కకు అందనిదొకటి ఉంది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే దూడకు వస్తుంది. ఎన్ని తరాలు ఆబోతును మార్చినా అది మారదు. బ్రెజిల్‌లోని నెలోర్ పశువులు మన ఒంగోలు జాతి వారసులే. అయినా పరీక్షిస్తే వాటిలో చాలావాటికి తల్లివైపు గుర్తు యూరప్ ఆవులది! మూపురం ఒంగోలుది, మైటోకాండ్రియా పోర్చుగీసు వలసదారుల వెంట వచ్చిన ఆవులది. దిగుమతైన పశువుల నేరు సంతానాన్ని అక్కడ విడిగా నమోదు చేస్తారు.

మన పొడ తూర్పు సంగతి వేరు. పాత మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ పరిసరాల్లో, నల్లమల మేతమీద బతికే ఈ పశువులను కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ 2020లో జాతిగా నమోదు చేసింది. తెలంగాణ నుంచి ఆ గుర్తింపు పొందిన మొదటి పశుజాతి ఇదే. చూసింది ఒక్కో కోడె వంశావళిని కాదు; రంగు, కొలతలు, అవి పెరిగే తావు, ఆ లక్షణాలు తరతరానా నిలవడం. దీన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. 1822లో ఇంగ్లండులో షార్ట్‌హార్న్ పశువులకు తొలి వంశావళి పుస్తకం అచ్చయినప్పుడు కూడా మొదటి పేర్లకు ముందు కాగితం లేదు కదా.

ఇప్పుడు చెవికి 12 అంకెల ట్యాగు వస్తోంది. ఆవు నంబరు కింద దూడ నంబరు రాయడం తేలికే. చిక్కల్లా తండ్రి గడి దగ్గర: అడవిలో మంద మేసేటప్పుడు ఏ ఆబోతు దాటిందో కాపరి ప్రతిసారీ చూడలేడు. డీఎన్‌ఏ పరీక్షతో తండ్రిని తేల్చవచ్చు. కానీ అందుకు ఆ మందతో తిరిగిన ఆబోతులన్నిటి నమూనాలూ ముందే ఉండాలి.