ఆటస్థలమునందు కులమతములు

బంతికి కులము లేదని మనవారందురు. బంతికి లేకపోవచ్చును గాని, దానిని విసరువానికి కలదని బొంబాయి క్రికెట్టు చరిత్రము చాటుచున్నది.

ఆ నగరమున 1912లో నాలుగు జట్ల పోటీ యేర్పడెను. యూరోపియనులు, పార్శీలు, హిందువులు, మహమ్మదీయులు అనునవి ఆ జట్లు. నేర్పుకంటె ముందు మతము చూచి ఆటగాని జట్టు నిర్ణయింపబడుచుండెను. నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున బుట్టిన సి. కె. నాయుడుగారు సైతము అచ్చట హిందువుగానే ఆడిరి. 1926లో ఎం.సి.సి. జట్టుపై పదునొకండు సిక్సర్లతో 153 పరుగులు చేసినదియు హిందూ జట్టు పక్షముననే. 1932లో భారతదేశపు మొదటి టెస్టునకు వారే నాయకులు.

అయితే హిందూ జట్టులోపల మఱియొక గోడ యుండెను. పల్వంకర్ బాలూ చర్మకార కులస్థుడు. పూనాలో దొరల క్లబ్బున పనిచేయుచు, వారికి బంతులు విసరుచు ఎడమచేతి స్పిన్ బౌలింగున ఆఱితేఱెను. హిందూ క్లబ్బువారు ఆయన బౌలింగును కోరిరి. ఆయన తాకిన బంతినే తామును తాకిరి. తేనీటివేళ మాత్రము పెవిలియను వెలుపల వేఱు మట్టిపాత్రలో తేనీరిచ్చిరి. బంతి మైలపడదు, గిన్నె మైలపడునట! ఎండకాలమున కళ్యాణదుర్గపు ఎఱ్ఱనేలపై ఆడి దప్పిగొన్న బాలునికి ఆ మట్టిపాత్ర బాధ వివరింపనక్కఱలేదు. కుండలో చెంబు ఎవరు ముంచవలెనను మాట మన పల్లెలు ఎఱుగనిది కాదు.

1911లో ఇంగ్లండు పర్యటనమున బాలూ 114 వికెట్లు పడగొట్టెను. అయినను నాయకత్వము దక్కలేదు. 1920లో ఆయనను జట్టునుండి తప్పించి, నాయకత్వమును ఆయన తమ్ముడు విఠల్‌నకు గాక వేఱొకరికిచ్చిరి. విఠల్, శివరాం సోదరులు ఆడుటకు నిరాకరించి, తమకు జరిగిన అవమానమునకు కులమే కారణమని బహిరంగముగా ప్రకటించిరి. వారు బ్యాటు విసరికొట్టలేదు, ఎవరినీ దూషింపలేదు. కారణము చెప్పి తప్పుకొనిరి. జట్టుకు వారు లేక గడవదు గనుక ఆ మాటకు బలము కలిగెను. తరువాతి ఆటకు బాలూను ఉపనాయకునిగా నియమింపవలసి వచ్చెను. 1923లో విఠల్ నాయకుడై జట్టును గెలిపించెను. (ఈ బాలూయే 1937 ఎన్నికలలో అంబేద్కరుగారిపై నిలిచి ఓడెను, అది వేఱు కథ.)

1937లో అయిదవ జట్టు చేరెను. దాని పేరు 'రెస్ట్', అనగా 'మిగిలినవారు'. భారతీయ క్రైస్తవులు, ఆంగ్లో-ఇండియనులు, యూదులు అందులోనివారు. మనుష్యులకు ఇట్టి పేరు పెట్టుట యేమి మర్యాద? 1943లో హిందువులతో జరిగిన తుది ఆటలో ఆ జట్టు రెండవ పర్యాయమున 387 పరుగులు చేయగా, అందు 309 క్రైస్తవుడైన విజయ్ హజారే ఒక్కడే చేసెను. జట్టు ఓడెను.

1940లో గాంధీగారు మతముల పేర జట్లుండుటను ఖండించిరి. 1946తో ఆ పోటీలు నిలిచిపోయెను. 1952లో మదరాసున భారతదేశము మొట్టమొదటి టెస్టు విజయము పొందినపుడు నాయకుడు ఆ 'మిగిలినవారి' హజారే.