కంటి కొలత

ఛాయాచిత్రమునకు వెలుతురు ఎంత ముఖ్యమో దూరమును అంత ముఖ్యము. కెమెరాలోని కటకము ఏదో ఒక దూరమున నున్న వస్తువును మాత్రమే ఫిల్ముపై మిక్కిలి స్పష్టముగా నిలుపగలదు. దానికి ముందును వెనుకను ఉన్నవి క్రమముగా మసకబారును. నేటి కెమెరాలలో పెక్కు ఈ దూరమును తామే సరిచూచుకొనును. జేబులో ఇముడు పాత ఫిల్ము కెమెరాలు కొన్నింటికి ఆ శక్తి లేదు. చిత్రము తీయువాడే దూరమును ఊహించి, కటకము చుట్టునున్న కంకణమును త్రిప్పి, తగిన అంకె వద్ద నిలుపవలెను. ఊహ తప్పినచో ఆ తప్పు ఫిల్మును కడిగిన పిమ్మటనే బయటపడును. అప్పటికి పెండ్లి ముగిసి యుండును. ఊరి నుండి వచ్చిన అమ్మమ్మ తిరిగి వెళ్ళి యుండును.

ఈ ఊహ చాల కాలముగా ఉన్నదే. 1925లో అమ్మకమునకు వచ్చిన తొలి లైకా కెమెరాలోను దూరమాపకము లేదు. 1932 నాటి లైకాలో దానిని ఇమిడ్చిరి. ఐనను తరువాతి చిన్న కెమెరాలు కొన్ని పాత పద్ధతినే అనుసరించెను. వానిలో పేరుపొందినది రోలై 35. హైంట్స్ వాస్కె అను జర్మను రూపకర్త నిర్మించిన ఈ కెమెరా 1966లో కొలోన్ నగరమున జరిగిన ఫోటోకినా ప్రదర్శనమున వెలువడెను. దాని కటకపు నాభ్యంతరము 40 మిల్లీమీటర్లు. చిత్రము ఎంతవరకు పడునో చూపుటకు దానికొక చిన్న గవాక్షము కలదు. అందులో దగ్గరిదియు దూరపుదియు ఒకే తీరున తేటగా కనబడును గనుక దానిని నమ్మి మోసపోరాదు.

దూరము విషయమున చేసిన తప్పు అన్నిచోట్ల ఒకే విధముగా శిక్షింపదు. కటకరంధ్రమును 3.5 అంకె వద్ద పూర్తిగా తెరచి కంకణమును 1 మీటరు వద్ద నిలిపినచో, స్పష్టముగా పడు మేర సుమారు 94 సెంటీమీటర్ల నుండి 107 సెంటీమీటర్ల వరకే. అది జానెడు కూడ లేదు! అదే రంధ్రముతో 3 మీటర్ల వద్ద నిలిపినచో మేర రెండున్నర మీటర్ల నుండి 3.7 మీటర్ల వరకు పెరుగును. రంధ్రమును 8 అంకెకు మార్చినచో రెండు మీటర్లు మొదలు అయిదున్నర మీటర్ల వరకు దాదాపు అంతయు స్పష్టము. అంకె పెరిగినకొలది రంధ్రము చిన్నదగుట మొదట వింతగా తోచును. నాభ్యంతరమును రంధ్రపు వ్యాసముచే భాగించగా వచ్చునదే ఆ అంకె. 8 వద్ద ఈ కటకపు రంధ్రము 5 మిల్లీమీటర్లు. రంధ్రము చిన్నదైనచో ఫిల్మును చేరు కిరణముల శంకువు సన్నబడును. అందుచేత దూరము కొంత తప్పినను చుక్క చుక్కగానే నిలుచును. ఎండలో వీధిని తీయువానికి ఊహ అంతగా అక్కరలేదు. మసక గదిలో ముఖమును తీయువాడే జాగరూకుడై యుండవలెను.

కొలబద్ద ఎక్కడనో లేదు. రెండు జానలు ఒక మూర, నాలుగు మూరలు ఒక బార అని పెద్దలు ఏనాడో లెక్క కట్టిరి. చేతులు చాచిన బార మనిషి ఎత్తునకు దాదాపు సమానము. ఐతే బాలుని మూర పెద్దవాని మూర కాదు గనుక ఎవరి మూరను వారు ఒకసారి టేపుతో కొలిచి గుర్తుంచుకొనవలెను. రెండడుగుల బండలు పరచిన ఇంటిలో అయిదు బండలు లెక్కించినచో 3 మీటర్లు. గవాక్షము కూడ ఇచట ఉపకరించును. అడ్డముగా పట్టిన కెమెరాలో ఫిల్ముపై చిత్రపు ఎత్తు 24 మిల్లీమీటర్లు. అది నాభ్యంతరములో పదింట ఆరు వంతులు. కావున 170 సెంటీమీటర్ల మనిషి తల నుండి పాదముల వరకు సరిగా నిండినచో అతడు సుమారు 2.8 మీటర్ల దూరమున నున్నాడు. నిలువుగా పట్టినచో, చిత్రపు ఎత్తు 36 మిల్లీమీటర్లగుటచే, సుమారు 1.9 మీటర్లు.

ఇన్ని ఉపాయములలో మేలైనది మరొకటి కలదు. దూరమును ఊహించుటకు బదులు ముందే నిశ్చయించుకొనుట. కంకణమును 2 మీటర్ల వద్ద నిలిపి, ఆ రెండు మీటర్లు కుదురువరకు ముందుకో వెనుకకో అడుగు వేసినచో చాలును. ఒక్క దూరమును కన్ను బాగుగా నేర్చుకొనుట పది దూరములను అరకొరగా నేర్చుకొనుటకంటె సులభము. రెండు అంకెల మధ్య సందేహము కలిగినచో చిన్న అంకె వైపునకు మొగ్గవలెను. స్పష్టమగు మేర ముందుకంటె వెనుకకే ఎక్కువగా వ్యాపించును.

అభ్యాసమునకు ఫిల్ము ఖర్చు లేదు. గడపను, బల్లను, బావి గట్టును చూచి దూరమును నోటితో చెప్పి, పిమ్మట టేపుతో కొలువవలెను. ముఖమును తీయునపుడు కొలువవలసినది ముక్కు వరకు కాదు, కండ్ల వరకు. కూర్చున్నవాడు మాటలలో పడి ముందుకు వంగినచో కంకణమును మరల సరిచేయవలెను. జేబులోని రాపిడికి కంకణము జరుగుటయు కలదు గనుక కెమెరాను బయటికి తీసిన ప్రతిసారి అంకెను చూచుకొనవలెను.